పథ్యమునకు పైకము లేని బీమా

ఆరోగ్యబీమా పత్రమును కొన్నవారిలో దానిని తుదివరకు చదివినవారు మిక్కిలి యరుదు. చదువుటకు వీలుగా దానిని ముద్రింపరు. అక్షరములు చిన్నవి, భాష పరాయిది, వాక్యములు న్యాయవాదుల తృప్తికై కూర్చబడినవి. అయినను భూతద్దము పట్టియైనను చూడవలసిన భాగమొకటి యందు గలదు. అది ‘మినహాయింపులు’ అను శీర్షిక క్రింద నుండును. బీమా నియంత్రణాధికార సంస్థవారు 2019 సెప్టెంబరులో ఈ మినహాయింపుల పదజాలము దేశమంతటను ఒక్కతీరుగా నుండవలెనని నిర్ణయించి, ఒక్కొక్కదానికి నొక్కొక్క సంఖ్యనిచ్చిరి. అంతకుముందు కంపెనీకొక భాష, ఏజంటుకొక భాష్యముగా నుండెడిది గావున ఆ పని మంచిదే. కాని యా పట్టికను చదివినవారికి ఒక సంగతి తేటపడును: మనదేశమున ఆరోగ్యబీమా యనబడునది ఆరోగ్యమునకు బీమా కాదు; ఆసుపత్రి మంచమునకు బీమా.

14వ సంఖ్యను చూడుడు. విటమినులు, ఖనిజలవణములు మొదలగు ఆహారపూరకములలో వైద్యుని చీటి లేకుండ కొనదగిన వానికి బీమా ధనము చెల్లదు. రోగి ఆసుపత్రిలో చేరియుండగా చికిత్సలో భాగముగా వైద్యుడు వ్రాసియిచ్చినచో మాత్రము చెల్లును. 4వ సంఖ్య ననుసరించి కేవలము పరీక్షలకొరకు ఆసుపత్రిలో చేరినచో ఆ వ్యయము చెల్లదు. 6వ సంఖ్య స్థూలకాయమును గూర్చినది. ఇది అన్నిటికంటె వింతయైనది. శరీరపు బరువును తగ్గించుకొనుటకు చేయు శస్త్రచికిత్సకు కొన్ని షరతులపై కంపెనీ ధనమిచ్చును. ఎత్తునకు బరువునకు గల నిష్పత్తినిబట్టి వైద్యులు కట్టెడి సూచిక 40కి చేరియుండవలెను. లేదా 35కు చేరి, దానితో కూడ గుండెజబ్బో, అదుపులోలేని మధుమేహమో, అట్టి తీవ్రవ్యాధి యొకటి యుండి, కోతకంటె తేలికయైన బరువు తగ్గించు మార్గములన్నియు విఫలమై యుండవలెను.

పాఠకులు ఈ కడపటి షరతును మరియొకమారు చదువవలెనని మా మనవి. తేలికమార్గములు విఫలము కావలెనట! ఆ తేలికమార్గములలో మొదటిది పథ్యము. ఆ పథ్యమును చెప్పు నిపుణుని రుసుము కంపెనీ యియ్యదు. రోగి తన డబ్బుతో నొంటరిగా ప్రయత్నించి, ఓడి, ఓడినట్లు కాగితములతో రుజువు చేసినపిదప, అప్పుడు జీర్ణకోశమును కోయించుకొనుటకు లక్షలు మంజూరగును. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యను సామెత మనకున్నది. ఇచట చేతులు కాలినట్లు సాక్ష్యము చూపినగాని ఆకులే యియ్యరు.

ఇది కాగితముపై నుండు చిక్కు మాత్రమే యని యెవరైన ననవచ్చును. కోస్తా తాలూకాలోని యొక బడిపంతులు నూహింపుడు. వయస్సు 42. నెలజీతములో నుండి ప్రీమియము తప్పక చెల్లించుచున్నాడు. ఒకనాడు పరీక్ష చేయించుకొనగా పరగడుపున రక్తములో చక్కెర 112గా తేలినది. వైద్యుడు, ఇది యింకను మధుమేహము కాదు, దానికి వాకిలి యని చెప్పి, మందులేమియు వ్రాయక, పథ్యనిపుణుని యొద్దకు పంపినాడు. మూడుపూటల తెల్లన్నము తినెడి యింటిలో ఏది యెంత తగ్గింపవలెనో, దాని స్థానమున ఏది వడ్డింపవలెనో, ఎవరైన నాలుగైదుమార్లు కూర్చుండబెట్టి చెప్పినగాని యొక దినమున నేర్పడు సంగతి కాదు. ఆ నాలుగైదు దర్శనముల రుసుమునకై పంతులు కంపెనీకి అర్జీ పెట్టుకొన్నాడనుకొందము. వచ్చెడి జవాబు మనమూహింపగలము. మీరు 24 గంటలు ఆసుపత్రిలో నుండలేదు. మీకు సలహా యిచ్చినవారు మా నిర్వచనము ప్రకారము వైద్యులు కారు. మీకు వ్యాధియే లేదు. మూడును నిజమే. పంతులు మరల యథాప్రకారము తినసాగును. పదునైదేండ్లకు మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడుమార్లు డయాలిసిసు యంత్రము ప్రక్కన పరుండవలసివచ్చినప్పుడు, 24 గంటల నిబంధన సయితము సడలింపబడి, ఆ ఖర్చు పగటిచికిత్స క్రింద చెల్లును. పాదమున పుండుపడి వ్రేళ్లు తీసివేసినను చెల్లును. కంపెనీవారు మాట తప్పినవారు కారు. వారి మాటయే అట్టిది.

ఆహారమునకును వ్యాధికిని గల సంబంధమును ఆంధ్రులకు ఒరులు బోధింపనక్కరలేదు. ఈ పాఠమును మనము ప్రాణములు చెల్లించి నేర్చుకొంటిమి. ఉత్తర సర్కారులలో ధాన్యపు మరలు వచ్చి, దంపుడుబియ్యము మోటుదని తెల్లని మరబియ్యము మర్యాదయైనప్పుడు, తవుడుతో కూడ బి విటమిను పశువుల తొట్టిలోనికి పోయినది; బెరిబెరి మనుష్యుల కాళ్లలోనికి వచ్చినది. ఉప్పుడుబియ్యము తినెడి యరవ ప్రాంతములవారికి లేని యా జాడ్యము, పచ్చిబియ్యము పాలిషుపట్టి తినెడి మనజిల్లాలలో వేరుపాతుకొన్నది. 1918లో కూనూరులోని పాశ్చరు వైద్యసంస్థయందు ఒక గదిలో రాబర్టు మెకారిసను దొరగారు ప్రారంభించిన పరిశోధనశాఖకు బెరిబెరి విచారణశాఖ యనియే పేరు. అదియే పెరిగి పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను నామమును దాల్చినది. ఆ సంస్థలోనే గోపాలనుగారును శ్రీకంఠయ్యగారును దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా గల బీదలకు వచ్చు పెలగ్రా జాడ్యమును శోధించి, 1960లో దాని హేతువును గూర్చి క్రొత్త సిద్ధాంతమును వెల్లడించిరి. పిల్లల కండ్లు పోకుండ ఆరుమాసములకొకమారు ఎ విటమినును పెద్దమోతాదులో నిచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ఆ సంస్థవారి కృషి ననుసరించియే వచ్చినది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి వేరుగా చెప్పనేల? సోదరులను సంగ్రహణి వ్యాధి పొట్టన పెట్టుకొనగా, ఆ వ్యాధిని తానును అనుభవించి, అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమున తన సహచరులతో కూడి 1945 ప్రాంతమున ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేయించిన మహనీయుడాయన. ఆకుకూరలలో నుండెడి యొక పదార్థము లోపించినచో రక్తము క్షీణించుననియు, దాని నిచ్చినచో కోలుకొనుననియు లోకమునకు రుజువైనది. నేడు ఆ ఫోలికామ్లపు బిళ్ల చీటి లేకుండ దొరకు ఆహారపూరకము. ఆసుపత్రి మంచమెక్కనిదే దానికి బీమా లేదు! 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలిన దేశమున నిట్టి నిబంధన చెల్లుచున్నది.

ఆ హైదరాబాదు సంస్థవారే 2024 మే మాసమున భారతీయులకు ఆహారనియమములను ప్రకటించుచు, దేశములోని మొత్తము వ్యాధిభారములో నూటికి 56.4 వంతులు సరికాని యాహారమువలన గలుగుచున్నదని చెప్పిరి. 2023లో వెలువడిన వైద్యపరిశోధనామండలివారి లెక్కలో మధుమేహము గలవారు 10 కోట్లకు పైగాను, దాని వాకిలిలో నిలిచినవారు 13 కోట్ల 60 లక్షలుగాను తేలిరి. ఆ బడిపంతులు ఈ రెండవ లెక్కలోనివాడు. కంపెనీల కంటికి ఈ 13 కోట్ల 60 లక్షలమంది రోగులు కారు, ఆరోగ్యవంతులును కారు. కాలము గడిచినచో ఖాతాదారులు.

పథ్యము చెప్పినంతమాత్రమున రోగమాగునా యని సంశయించువారికి మదరాసులోనే సమాధానము దొరకినది. డాక్టరు రామచంద్రన్‌గారును వారి సహచరులును మధుమేహపు వాకిలిలోనున్న 531 మందిని ఎన్నుకొని, కొందరికి ఆహారవ్యాయామములలో మార్పునే నేర్పి, కొందరికి మెట్‌ఫార్మిను బిళ్లలనిచ్చి, కొందరికి రెండును కలిపి, కొందరిని సామాన్యమైన సలహాతోనే విడిచి, మూడేండ్లు పరిశీలించిరి. ఫలితములు 2006లో వెలువడినవి. ఊరకవిడిచిన వారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. ఆహారవ్యాయామములను మార్చుకొన్నవారిలో 39 మందికి మాత్రమే వచ్చినది. బిళ్లలు మ్రింగినవారి సంఖ్యయు ఇంచుమించుగా నంతియే. రెండును కలిపినను అంతకంటె విశేషలాభము కానరాలేదు. అమెరికాలో 2002లో ప్రకటింపబడిన యిట్టి ప్రయోగమే ఇంకను గొప్పఫలము చూపినది. అచట నూటికి 58 వంతులు తగ్గుదల. మనవారిలో తగ్గుదల 28 వంతులు. మనది తక్కువయని చిన్నబోవలసినది లేదు. ఇంచుమించు ఏడుగురికి శ్రద్ధగా పథ్యము నేర్పినచో, మూడేండ్లలో అందొకడు తప్పించుకొనుచున్నాడు. ఇంతకంటె చవుకబేరము వైద్యశాస్త్రమున నెన్ని గలవు?

కంపెనీలవారి వాదమును సయితము న్యాయముగా వినవలెను. బీమా యనునది అనుకోని యాపదకు, భోజనమన్ననో నిత్యకృత్యము. ఇల్లు కాలినచో బీమా యిచ్చును గాని, పొయ్యి జాగ్రత్తగా వెలిగించినందుకు జీతమియ్యదు. ఇది వారి మొదటిమాట. ఇది వినుటకు బాగున్నది గాని, అగ్నిబీమా కంపెనీలే కర్మాగారములకు నీటితొట్లు, మంటలార్పు పరికరములు పెట్టించి ప్రీమియము తగ్గించుట యందరు నెరిగినదే. వారి రెండవమాటలో పసయున్నది. దానిని వారు బహిరంగముగా చెప్పరు, మేము చెప్పెదము. ఆరోగ్యబీమా సాధారణముగా ఏటికొకమారు క్రొత్తచేయు ఒప్పందము. పథ్యమునకు నేడు పెట్టిన ఖర్చు పదేండ్లకు ఫలించును. 2011 అక్టోబరు మొదలు బీమాదారుడు ఒక కంపెనీని విడిచి వేరొక కంపెనీకి మారుటకు హక్కు వచ్చినది. ఒకరు నాటిన చెట్టుఫలములు వేరొకరు కోసికొందురేమో యను శంకతో నెవరును నాటరు. ఇందు ఏ కంపెనీ దుర్మార్గమును లేదు. అందరికి లాభమై, ఎవరికివారికి నష్టమైన పని యిది. ఇట్టి పనులు చట్టము చేయింపవలెనే గాని, సద్బుద్ధి చేయింపదు.

మరి, మునుపే యున్న వ్యాధులకు నిరీక్షణకాలమను నిబంధనను చూడుడు. 2024లో దీనిని 48 మాసములనుండి 36 మాసములకు తగ్గించిరి. సంతోషమే. కాని, మదరాసు ప్రయోగము నడచినదియు సుమారు ఆ మూడేండ్లే! మనుష్యుని దారి మరల్చుటకు పట్టిన కాలము ఎంతయో, కంపెనీ అతనికేమియు నియ్యక నిరీక్షింపజేయు కాలము నంతయే. ఆ కాలములో పథ్యము చెప్పించినచో కాలము తీరిన పిమ్మట కంపెనీకే ఖర్చు తగ్గునుగదా యని లెక్కవేసిన గుమాస్తా యొక్కడైన నుండడా?

నియంత్రణాధికార సంస్థవారు ఈ విషయమున నిద్రించుచున్నారని మేమనము. ఆరోగ్యరక్షణకును వ్యాధినివారణకును సంబంధించిన సదుపాయములను పాలసీలలో చేర్పవచ్చునని 2020 సెప్టెంబరులో నియమములను ప్రకటించిరి. వ్యాయామశాలలకు చందాలు, ప్రీమియములో తగ్గింపు, బహుమాన సంఖ్యలు ఇట్టివి కొన్ని దానివలన వచ్చినవి. దినమునకు పదివేల యడుగులు నడచినట్లు చేతిగడియారము సాక్ష్యము చెప్పినచో తగ్గింపు దొరకెడి పాలసీలును కలవు. నగరములలో వ్యాయామశాలకు పోగలవారికిది వేడుకగా నున్నది. ‘చేర్పవచ్చును’ అనుటకును ‘చేర్పవలెను’ అనుటకును గల వ్యత్యాసము మాత్రము మిగిలియే యున్నది.

జపానులో 2008 ఏప్రిలు మొదలు ‘చేర్పవలెను’ అనిరి. 40 మొదలు 74 ఏండ్లలోపు వారినందరను ఆరోగ్యబీమా సంఘములే పరీక్ష చేయించి, నడుము చుట్టుకొలత మొదలగువానినిబట్టి యపాయమున్నవారికి పథ్యనిపుణులచేతను నర్సులచేతను సలహా యిప్పింపవలెను. దీనివలన అద్భుతములు జరిగినవని మేము చెప్పబోము. 2020లో ప్రకటితమైన యొక పరిశీలనలో బరువు స్వల్పముగా తగ్గినదే గాని, గుండెజబ్బునకు హేతువులగునవి తగ్గినట్లు కానరాలేదు. ఇది పథ్యముయొక్క దోషము కాదు, చెప్పిన పద్ధతిలోని లోపమని మా యభిప్రాయము. మదరాసులో నేర్పినట్లు నెలల తరబడి వెంటనుండి నేర్పుట వేరు. ఒకమారు పిలిచి కాగితమొకటి చేతికిచ్చి పంపుట వేరు. వ్యక్తివ్యాపారమునకు పేరొందిన అమెరికాలో సయితము వృద్ధుల ప్రభుత్వబీమా 2002 జనవరి మొదలు మధుమేహులకును మూత్రపిండరోగులకును మొదటియేట 3 గంటలు, పిమ్మట ఏటేట 2 గంటలు పథ్యనిపుణుని సలహాకు ధనమిచ్చుచున్నది. అచటను వాకిలిలోనున్నవారికి ఈ గంటలు లేవు. వారికై వేరొక కార్యక్రమమును 2018లో ప్రారంభింపవలసివచ్చినది.

సలహా యిచ్చువారు వైద్యులు కారను ఆక్షేపణకు ఇకమీదట బలము తక్కువ. వైద్యానుబంధ వృత్తులను గూర్చి పార్లమెంటు 2021లో చేసిన చట్టము పథ్యనిపుణులను, పోషకాహారనిపుణులను పట్టికలో చేర్చినది. ఆ చట్టప్రకారము రాష్ట్రమండలులు పేర్లు నమోదుచేసికొన్నచో, అర్హులెవరో కంపెనీలకు తెలియును. ఇది కంపెనీలకంటె ప్రజలకే యెక్కువ యవసరము. ఏలయన, నేడు పథ్యము చెప్పెదమని బోర్డు కట్టినవారిలో డబ్బాలలోని పొడుల నమ్ముకొనువారు కొల్లలుగా గలరు. రెండుమాసముల శిక్షణతో నిపుణులైనవారును గలరు. బీమా ధనము ద్వారము తెరచినచో ముందుగా దూరువారు వీరే. ఆ భయము మాకును గలదు. అందుకనియే నమోదు ముందు, చెల్లింపు తరువాత కావలెను. పొడులకు గాక సలహాకే చెల్లింపు జరుగవలెను.

ఇంతవరకు ప్రీమియము కట్టగలవారి సంగతి. కట్టలేనివారి పక్షమున ప్రభుత్వమే కట్టుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007 ఏప్రిలు 1వ తేదీన ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది. 2018 సెప్టెంబరులో కేంద్రమువారు కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి ఖర్చు భరించు ఆయుష్మాన్ పథకమును తెచ్చిరి. తెలంగాణమున 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచిరి. ఈ పథకములవలన బ్రతికిన ప్రాణములెన్నియో. గుండెకు శస్త్రచికిత్స కూలివాని బిడ్డకు సయితము దొరకుట సామాన్యమైన సంగతి కాదు. దానిని తక్కువచేసి మాటాడుట మా యుద్దేశము కాదు. కాని పరిమితిని పెంచుటలో చూపిన పోటీ, రోగమును తగ్గించుటలో చూపబడుట లేదు. మరియు కంపెనీలు చెప్పుకొనెడి సాకు ప్రభుత్వమునకు లేదు. బీమాదారుడు కంపెనీని మారగలడు. పేదవాడు ప్రభుత్వమును విడిచి యెచటికి పోవును? నేడు వాకిలిలోనున్నవాడు పదునైదేండ్లకు డయాలిసిసు మంచముపై ఆ ప్రభుత్వపు లెక్కలోనికే వచ్చును. చెట్టు నాటినవారే ఫలము కోసికొను చోట నాటకుండుటకు కారణమేమి?

రాజ్యాంగములోని 47వ అధికరణము ప్రజల పోషణస్థాయిని పెంచుట, ప్రజారోగ్యమును మెరుగుపరచుట రాజ్యముయొక్క ప్రథమకర్తవ్యములలోనివని చెప్పుచున్నది. అందు పోషణ ముందు చెప్పబడినది. 1946లో నివేదిక నిచ్చిన భోరు సంఘమువారును వైద్యమును నివారణమును విడదీయరాదనియే చెప్పిరి. సర్కారుకు ఆ యెరుక లేదనుకొనుట పొరపాటు. క్షయరోగులకు చికిత్సాకాలములో పోషణకై నెలకు 500 రూపాయలచొప్పున 2018 ఏప్రిలు మొదలు వారి ఖాతాలలో వేయుచు, 2024 నవంబరులో దానిని 1000 రూపాయలు చేసిరి. జార్ఖండమున క్షయరోగుల కుటుంబములకు ఆహారపుమూటలిచ్చి చూడగా, ఇంటివారిలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినదని 2023లో వెల్లడియైనది. అన్నము ఔషధమని క్షయవిషయమున నొప్పుకొన్న ప్రభుత్వము, మధుమేహవిషయమున, రక్తహీనతవిషయమున దానిని హితబోధగానే విడుచుట యెట్లు పొసగును?

హితబోధ మాత్రముచే నాకలి తీరదని మేమెరుగుదుము. చౌకడిపో బియ్యముతో నెల గడుపుకొను గృహిణికి, అన్నము తగ్గించి పప్పు, కూరలు, గ్రుడ్లు పెంచుమనుట పరిహాసమువలె తోచవచ్చును. కందిపప్పు ధర ఆమెకు తెలిసినట్లు పథ్యనిపుణునకు తెలియదు. కావుననే మేము కోరునది పట్టణపు పట్టికలను పల్లెలకు పంపుట కాదు. రాగులు, సజ్జలు, కొర్రలు, మునగాకు, వేరుసెనగ ఏ జిల్లాలో ఏవి చవుకో యెరిగినవారు, ఆ యింటి కుండలోని కొలతలోనే మార్పు చెప్పగలవారు కావలెను. 30 ఏండ్లు దాటినవారికి చక్కెర, రక్తపుపోటు పరీక్షలు గ్రామములలోని ఆరోగ్యకేంద్రములలో ఇప్పుడు జరుగుచునే యున్నవి. పరీక్షలో వాకిలి తేలినవానికి ఆ పిమ్మట దారి చూపువారే లేరు.

ఆరోగ్యశ్రీ యైనను మొదటిదినముననే రాష్ట్రమంతట రాలేదు. మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము అను మూడు వెనుకబడిన జిల్లాలలో మొదలిడి, లోటుపాటులు చూచుకొని, తక్కిన జిల్లాలకు వ్యాపించినది. రెండు తెలుగు ప్రభుత్వములును ఒక్కొక్క జిల్లాను ఎన్నుకొని, చికిత్సల ధరల పట్టికలో శస్త్రచికిత్సల ప్రక్కన ఒక క్రొత్తవరుసను చేర్చి, వాకిలిలోనున్నవానికి మూడేండ్లలో పండ్రెండు పథ్యదర్శనములకు రుసుము నిర్ణయింపవచ్చును. లెక్కవేయువారు హైదరాబాదులోని జాతీయసంస్థలోనే కలరు. పరీక్షింపబడిన వారి పేర్లు కేంద్రముల పుస్తకములలోనే యున్నవి. ఆ వరుసకు సంఖ్య నిచ్చుటకు ఉత్తరువొకటి కావలెను.